ఎర్ర కారుని మిషను ఎక్కించిన రోజు

పోయిన ఏడాది జూన్ నెల రెండో మంగళవారం, పొద్దున పదకొండున్నరకి, నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీదున్న ఒక వీల్ అలైన్‌మెంట్ షాపులో మా మనవడి ఎర్ర కారుని మిషను మీదకి ఎక్కించారు. టైము నేను షాపులో టీవీ మూలన చూశా. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. అక్షరాలే యాభై దాటాక వచ్చాయి.

మంగళవారం వద్దని నేనన్నా. మా మరిది వినలేదు. "ఇదేమన్నా పెళ్ళిచూపులా వదినా" అన్నాడు. నిజమే, పెళ్ళిచూపులు కాదు. ఆయన కాలు పోయింది ఆ కారు కింద. అది ఎవరి తప్పో మిషను చేత చెప్పిద్దామని పోయాం.

మొదట్నుంచీ చెప్తా.

మాది క్రోసూరు పక్కన పల్లెటూరు. నాకు ఒక్కడే కొడుకు, వాడికి ఒక్కడే కొడుకు. మా మరిదిది పక్కిల్లే. రెండిళ్ళకీ మధ్య గోడ ఉంది గానీ గోడలో తలుపు పెట్టించాం. మజ్జిగ కావాలన్నా, మాత్ర కావాలన్నా ఆ తలుపులోంచే. మా మరిదికీ తోడికోడలికీ పిల్లల్లేరు. మా మనవడు పుట్టిన రోజున మా మరిది రామాలయం మెట్ల మీద కూర్చుని, "నాకు తలకొరివి పెట్టేవాడు పుట్టాడు" అని వచ్చేపోయేవాళ్ళకల్లా చెప్పాడు. పసివాడు పుట్టిన పూట ఆ మాటలేందయ్యా అని నేను కేకలేశా. ఆయన నవ్వాడు. వాణ్ణి ఎత్తుకుని తిరిగింది, ఈత నేర్పింది, వాడి పరీక్షలప్పుడు సెంటరు బయట ఎండలో నిలబడింది అంతా ఆయనే. మా అబ్బాయికి మిరపకాయల కమీషన్ యాపారం. వాడికి ఇంట్లో ఉండే తీరిక ఎప్పుడూ లేదు.

నాకు అక్షరాలు నేర్పింది కూడా మా మరిదే. మా ఆయన పోయాక, ఎరువుల కొట్టువాడు ఏది ఇస్తే అది తెచ్చి పొలంలో చల్లతన్నానని ఆయనకి కోపం వచ్చింది. అరుగు మీద ఖాళీ బస్తా పరిచి, ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టించాడు. నేను మొట్టమొదట చదివిన మాట యూరియా. మా తోడికోడలు వసారాలోంచి, "అక్కా, రేపు పలక కూడా తెచ్చుకో, సున్నాలు చుట్టిస్తాడు" అని ఎకసెక్కం చేసేది. ఆయన మటుకు నేను తప్పు లేకుండా చదివేదాకా బస్తా మడవనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు కారు సంగతి. మా మనవడు ప్లాట్లు అమ్మించే పనిలో దిగాడు. పార్టీలని సైటుకి తీసుకుపోవాలంటే బండి గొప్పగా ఉండాలంట. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కారు ఒకటి పట్టుకొచ్చాడు. ఎర్రది, రెండే తలుపులు, నేలకి అతుక్కుని ఉంటది. దాని మోత ఊరి బయట ఉండగానే ఇంట్లోకి వినపడేది. స్పోర్ట్స్ కారు అన్నాడు వాడు. ఊళ్ళోవాళ్ళు కప్ప అన్నారు. మా మరిది కొత్తలో దాని చుట్టూ రెండు మాట్లు తిరిగి, "ఇందులో ఎక్కాలంటే ముందు పడుకోవాలిరా" అన్నాడు గానీ, దిష్టి తియ్యమని గుమ్మడికాయ తెచ్చింది కూడా ఆయనే.

ఆ ఏడు సంక్రాంతి పోయాక ఒక సాయంత్రం మా మరిది మోపెడ్ మీద చొప్పమోపు పెట్టుకుని క్రోసూరు రోడ్డులో ఇంటికి వస్తన్నాడు. ఎడమ అంచునే వస్తన్నాడు. వెనక నుంచి మా మనవడి కారు వచ్చి గుద్దింది. కారులో వాడొక్కడే. రోడ్డు మీద చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎత్తి అదే కారులో వేసుకుని గుంటూరు తీసుకుపోయింది కూడా వాడే. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆసుపత్రిలో మోపెడ్ జారి పడ్డానని మా మరిదే చెప్పాడు. ఇంటోళ్ళ మీద కేసేంది, అన్నాడు. అంతవరకు ఆయన పెద్దరికం.

మా మనవడు చెప్పింది ఒకటే మాట. పిడుగురాళ్ళ రోడ్డులో సున్నపు లారీలు చేసిన గుంటలో కారు దిగబడిందని, అప్పటి నుంచి స్టీరింగ్ ఎడమకి లాగతందని, చేయిద్దాం చేయిద్దాం అనుకుంటా ఉండగానే ఇట్టా అయిందని. ఆ మాట ఊరు నమ్మలేదు. తాగాడన్నారు, ఫోను చూసుకుంటన్నాడన్నారు, ఎవత్తో మాట్లాడతన్నాడన్నారు. మా తోడికోడలు వినీ వినీ గోడలో తలుపుకి గడియ పెట్టింది. మా మరిది ఇంటికొచ్చి మంచం మీద పడ్డాక, వాడు చూడబోతే మొహం గోడకి తిప్పుకున్నాడు. వాడు కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. కాళ్ళ దగ్గర అంటే కాలు దగ్గర. ఆ మాట రాయటం నాకు ఇష్టం లేదు గానీ అది అట్టాగే ఉంది.

అట్టా ఎండాకాలం గడిచింది. కారు మా కల్లంలో పరదా కింద ఉంది. ఎవరూ ముట్టలేదు. ముందు దీపం పగిలింది, ఎడం పక్క రేకు నొక్కుకుంది, అంతే.

పెద్దమనుషులు కూర్చున్నారు. మా వైపు ఎవరి మాట మీదన్నా అనుమానం వస్తే కర్పూరం వెలిగించి, ఆర్పి ప్రమాణం చెయ్యమంటారు. మా మనవడు సిద్ధమే అన్నాడు. స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. మా మరిది మంచంలోంచే చెయ్యి అడ్డం పెట్టాడు. కర్పూరం ఎవడైనా ఆర్పుతాడు, నేను చూసిన దొంగ ప్రమాణాలు చానా ఉన్నాయి, అన్నాడు. తర్వాత ఆయన అడిగింది ఎవరూ అనుకోనిది. పేటలో కంప్యూటరుతో చక్రాలు చూసే మిషను ఉందంట, కారుని దాని మీద పెట్టండి, అన్నాడు.

"అది ఎడమకి లాగిందని మిషను చెప్తే వీడు నా మనవడే. నా తలకొరివి వీడిదే. లాగలేదంటే నేను చచ్చానని తెలిసినా వీడు ఈ గుమ్మంలోకి రాగూడదు."

పెద్దమనుషులకి ఇది బాగా నచ్చింది. దేవుడి సాక్ష్యం కంటే కంప్యూటరు సాక్ష్యం గట్టిదన్నాడు ఒకాయన. సత్తెనపల్లిలో షాపులున్నా అక్కడ రెండు వైపులా తెలిసినవాళ్ళు ఉన్నారని, ఎవరికీ తెలియని షాపు కావాలని నరసరావుపేటే ఖాయం చేశారు. సరిచేయించకముందు చూడాలి, రెండిళ్ళవాళ్ళూ ఎదురుగా ఉండాలి. అది షరతు. మంగళవారం అని చెప్పింది మా మరిది.

ఆ ముందు రోజు నేను ఊళ్ళో లేను. మా అక్క కూతురి మామగారు పోతే పరామర్శకి పోయా. మా మనవడు కూడా లేడు, గుంటూరులో ఉన్నాడు. ఇద్దరం పొద్దుగూకాక వచ్చాం. కారు మీద పరదా ఎప్పట్లాగే ఉంది.

మంగళవారం పొద్దున్నే మా మరిదీ తోడికోడలూ ఊరి ఆటోలో బయలుదేరారు. మా అబ్బాయి మోటారు సైకిలు మీద వెనకాల. నేను కారులో, మా మనవడి పక్కన. ఆ కారులో నేను ఎక్కటం అదే మొదలు. సీటు నేలకి ఎంత దగ్గరగా ఉందంటే రోడ్డు మీద చతికిలబడి ఈడ్చుకుంటా పోతన్నట్టుంది. మా మరిది కాలు పోయాక మా ఊరివాళ్ళు రోడ్డుకి అడ్డంగా మట్టీ తారూ కలిపి గట్లు పోశారు. ఒక్కో గట్టు దగ్గరా వాడు ఆపటం, "నువ్వు దిగితే గాని ఎక్కదు నాయనమ్మా" అనటం, నేను దిగి నడవటం, వాడు కారుని ఏటవాలుగా దాటించటం. కింద గీరుకున్నప్పుడల్లా పళ్ళు జివ్వుమన్నాయి. గట్టు దగ్గర మేకలు కాసుకునేవాడొకడు, "కప్ప బయటకొచ్చిందే, వానొస్తది" అన్నాడు. మేం నవ్వలేదు.

సత్తెనపల్లి దాటాక రోడ్డు బాగుంది. నేను అడిగా. "ఒరేయ్, నాకు చెప్పు. తాగావా?"

"లేదు నాయనమ్మా."

"ఫోను?"

"లేదు. నువ్వు కూడా అడిగితే నేను ఇంకెవరికి చెప్పుకోవాలి?"

కాసేపటికి వాడే స్టీరింగ్‌ని అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. గుండ్రంగా ఉండే స్టీరింగ్ మీద బొమ్మ పక్కకి ఒరిగి ఉంది, కారు మటుకు తిన్నగా పోతంది. ఏందిరా అన్నా. "ఏందో తేడాగా ఉంది. అప్పుడు ఇట్టా లేదే. ఇన్ని నెలలు నిలబెట్టాం గదా, టైర్లు బిగదీసుకున్నాయేమో" అన్నాడు. నాకు టైర్ల సంగతి ఏం తెలుసు. ఊఁ అన్నా. వాడి మొహంలో దిగులు ఉంది గానీ దొంగతనం లేదు. ఇది నేను వాడి నాయనమ్మని కాబట్టి రాయటంలా. నా కళ్ళతో చూశా కాబట్టి రాస్తన్నా.

షాపు అంటే రేకుల షెడ్డు. ముందు టైర్ల గుట్ట, గుమ్మానికి నిమ్మకాయ మిరపకాయలు, లోపల రెండు ఇనప దిమ్మెల లాంటివి, వాటి మీదకి బండి ఎక్కాలి. షాపాయనకి నలభై ఉంటాయేమో, పొట్ట మీద గ్రీజు మరకల చొక్కా. మా కంటే ముందు ఒక బొలేరో వచ్చి ఉంది. దాని డ్రైవరు ఎర్ర కారుని చూడగానే సిగరెట్టు పారేసి వచ్చి, దాని పక్కన నిలబడి ఫోటోలు దిగటం మొదలుపెట్టాడు. ఎంత కొడతది బ్రో, నూటఎనభై పోద్దా, అని మా మనవణ్ణి అడిగాడు. ఆ డ్రైవరు ఇంకా దగ్గరకొచ్చి, దీని ముందు అమ్మాయిలెవరన్నా ఆగుతారా అని ఏదో అనబోయి, ప్లాస్టిక్ కుర్చీలో కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా మరిదిని, మడిచి కట్టిన ఆయన పంచెని, ఆయన చూపు ఎటుందో చూసి ఆగిపోయాడు.

షాపాయన మమ్మల్నందర్నీ చూసి, ఒక్క కారుకి పెళ్ళివారు వచ్చినట్టు వచ్చారేందండీ అన్నాడు. మా మరిది ఆయన్ని దగ్గరకి పిలిచాడు. బేరాలు, సరిచెయ్యటాలు తర్వాత, ముందు ఒక్క మాట చెప్పాలి అన్నాడు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే ఈ కారు ఏ పక్కకి పోతదో అది చెప్పు చాలు అన్నాడు. అదే గదా బాబాయ్ మేం ముందు చూసేది, అని ఆయన తాళాలు తీసుకుని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దిగాడు. మిషను మీద పెట్టి చెప్తా అన్నాడు.

కారు దిమ్మె ఎక్కలేదు. మూతి తగులుకుంది. చెక్కలు పేర్చి, మళ్ళీ పేర్చి ఎక్కించారు. చక్రానికొకటి చొప్పున పళ్ళేల లాంటివి బిగించాడు షాపాయన. మిషనుకి తగిలించిన టీవీలో నాలుగు చక్రాల బొమ్మ వచ్చింది. ముందు అంతా నల్లగా ఉంది. కారుని కొంచెం ముందుకీ వెనక్కీ తోసి, స్టీరింగ్‌ని తిప్పి తిన్నగా పెట్టి బిగించాడు. అప్పుడు టీవీలో గడులు రంగులు మారాయి. వెనక చక్రాలు పచ్చగా వచ్చాయి. ముందు చక్రాల దగ్గర ఎర్రగా వచ్చింది. అంకెలు అక్కడే కొట్టుకుంటన్నాయి.

మా అబ్బాయి గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా బాబాయ్, ఎర్రగా వచ్చింది" అన్నాడు. ఎర్రగా వస్తే తేడా ఉన్నట్టేనని షాపాయన కూడా తలూపాడు.

మా తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మనిషి ఏడవగా నేను చూసింది తక్కువ. మా మరిది కళ్ళు మూసుకున్నాడు. చానాసేపు తెరవలా. తర్వాత తల ఎత్తకుండానే, "రారా ఇటు" అన్నాడు. మా మనవడు పోయి కుర్చీ పక్కన వంగాడు. మా మరిది వాడి భుజం పట్టుకుని పైకి లేచాడు. కర్ర పట్టుకోలా. ఐదు నెలలుగా మా ఇంటి మనిషిని తాకని చెయ్యి అది. వాడు బిగుసుకుపోయి నిలబడ్డాడు, కదిలితే ఆయన చెయ్యి తీసేస్తాడేమోనని.

అక్కడితో ఇంటికొచ్చేస్తే అయిపోయేది. మా మరిది ఏదైనా తప్పు లేకుండా చివరిదాకా చదివే మనిషి. టీవీ వైపు గడ్డం చూపించి, "ఎడమకే గదా?" అన్నాడు. అనుమానంతో కాదు. విందామని.

షాపాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటా, "ఎడమకి కాదు బాబాయ్. ఇది కుడికి పోద్ది. రోడ్డు మీద కూడా చూశా. స్టీరింగ్ తిన్నగా పెడితే కుడికే" అన్నాడు.

మాకు ఎవరికీ అర్థం కాలా. సరిగ్గా చూడవయ్యా అన్నాడు మా అబ్బాయి. షాపాయనకి కొంచెం పౌరుషం వచ్చింది. టార్చిలైటు తీసుకుని కారు కిందకి దూరాడు. అక్కణ్ణించి పిలిచాడు. నేను వంగి చూశా, మా తోడికోడలు కూడా. చక్రాన్ని తిప్పే కడ్డీ ఒకటి ఉంటది. కారు కింద అంతా దుమ్మూ తుప్పూ పట్టి ఒకటే రంగుగా ఉంది. ఆ కడ్డీ మీది నట్టు మటుకు తెల్లగా మెరుస్తంది. స్పానరు పట్టిన గాట్లు కొత్తగా ఉన్నాయి.

"దీన్ని నిన్నో మొన్నో ఎవరో తిప్పారు. పనొచ్చినవాడు కాదు. ఎవరి చేత చేయించారు?" అని అడిగాడు. ఆ మనిషికి మా గొడవ తెలియదు. పక్క షాపువాడి మీద కోపంతో అడిగినట్టే అడిగాడు.

మా మనవడు, ఎవరూ చెయ్యలేదండీ, బండి తియ్యనే లేదు, అంటన్నాడు. ఆ మాట ఇంకా వాడి నోట్లో ఉండగానే మా అబ్బాయి నుదురు కొట్టుకున్నాడు.

"ఎడమకి పోయేట్టు తిప్పరా అంటే వాడు ఇట్టా చేసి చచ్చాడు బాబాయ్."

వాడు ఆ మాట అనాలని అన్నది కాదు. కంగారులో వచ్చేసింది. మా ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ ఒకడున్నాడు. ముందు రోజు మేం ఊళ్ళో లేనప్పుడు వాణ్ణి కల్లంలోకి పిలిపించి, పరదా తీసి, జాకీ పెట్టించి, మిషనులో ఎడమకి లాగినట్టు కనపడాలని ఆ నట్టు తిప్పించాడు. ట్రాక్టరుకి అలవాటుపడ్డవాడు. ఎటు తిప్పాడో వాడికే తెలియదు.

బొలేరో డ్రైవరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మా మరిది చెయ్యి ఇంకా మా మనవడి భుజం మీదే ఉంది. ఆయన షాపాయన్నే చూస్తన్నాడు. "మరి ఇది తిప్పకముందు ఎట్టా ఉందో చెప్పగలవా?" అన్నాడు.

షాపాయన తల అడ్డంగా ఊపాడు. "కదిలించాక ఎట్టా చెప్తాం బాబాయ్. అంతకుముందు ఎడమకే ఉందేమో, తిన్నగా ఉందేమో. ఇప్పుడు దీన్ని చూసి ఎవడూ చెప్పలేడు."

మా అబ్బాయి గబగబా ఏదేదో చెప్పుకొచ్చాడు. పిల్లాడి బతుకు పాడవుతదని భయపడ్డానని, బాబాయ్ ఇంటి గుమ్మం వాడికి లేకుండా పోతదని నిద్ర పట్టలేదని, తప్పు నాదే గాని వాడిది కాదని. వాడు చెప్పింది అబద్ధం కాదు. వాడు చేసింది కొడుకు కోసమే. మా మనవడు అదంతా విని, తండ్రి ఆగాక అడిగాడు.

"నాన్నా, నేను చెప్పింది నువ్వు నమ్మలేదా?"

"నమ్మకపోతే ఇంతపని ఎందుకు చేస్తానురా."

"నమ్మితే ఎందుకు చేశావు?"

బండి లాగిందని వాడు చెప్తన్న ఐదు నెలలూ, ఊరంతా తాగాడని అంటన్నా, ఇంట్లో తండ్రి మటుకు తన వైపే ఉన్నాడని ఆ పిల్లాడు అనుకున్నాడు. ఉన్నాడు. కాకపోతే పిల్లాడు అబద్ధమాడతన్నాడని అనుకుంటానే ఉన్నాడు.

మా మరిది చెయ్యి తీశాడు. విసురుగా కాదు. కర్ర అందుకోటానికి తీసినట్టు తీశాడు. మా తోడికోడలు కర్రలు రెండూ చంకల కింద పెట్టింది. మా మనవడు, "చిన తాతా, నేను చెప్పింది నిజం. నాన్న ఏం చేశాడో నాకు తెలియదు" అన్నాడు. మా మరిది వాణ్ణి చూసి, "నిజమే అయ్యుండొచ్చురా. నాకు ఇక తెలిసే దారి లేదు" అన్నాడు.

రెండడుగులు వేసి నా దగ్గర ఆగాడు.

"వదినా, నీకు తెలుసా?"

"తెలియదు."

"కల్లం మీ వాకిట్లోదేగా."

"నేను ఊళ్ళో లేను గదయ్యా. పరామర్శకి పోయా."

ఆయన నా మొహం కేసి చానాసేపు చూశాడు. నేనూ చూశా. నేను చెప్పింది ఉన్నమాట. ఉన్నమాట చెప్పేటప్పుడు మనిషి ఎట్టా నిలబడాలో నాకు తెలియలేదు. కళ్ళు తిప్పితే దొంగ అంటారు, తిప్పకపోతే గడుసు అంటారు. ఆఖరికి ఆయన, "సర్లే" అన్నాడు. నలభై ఏళ్ళు పైగా ఒకే గోడ పక్కన బతికాం. ఆయన నన్ను తిట్టాడు, నేను ఆయన్ని తిట్టా. సర్లే అని ఎప్పుడూ అనలేదు.

ఆటో ఎక్కేటప్పుడు మా తోడికోడలు వెనక్కి తిరిగి, "అక్కా, తలుపు అవతల నుంచి కూడా గడియ పెట్టుకోండి" అంది. ఆటో పోయింది.

మా మనవడు తాళాలు టైర్ల గుట్ట మీద పెట్టి బస్టాండు వైపు నడిచాడు. పిలిచా. వినపడనంత దూరం పోలేదు, అయినా తిరగలేదు. మా అబ్బాయి తల పట్టుకుని, మా మరిది లేచిన కుర్చీలో కూర్చున్నాడు. లెగరా అందులోంచి, అన్నా. లేచాడు.

షాపాయన స్పానరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సరిచెయ్యనా వద్దా పెద్దమ్మా అని నన్నడిగాడు. రేపు అది ఎవడి చేతిలో ఉంటదో, ఏ రోడ్డు మీద ఎవరు పోతా ఉంటారో. చెయ్యి నాయనా, అన్నా. ఆయన కిందకి దూరి తిప్పాడు. టీవీలో ఎర్ర గడులు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. ఇప్పుడు చేతులు వదిలేసినా తిన్నగా పోద్ది, అన్నాడు.

తర్వాత జరిగింది చెప్పటానికి పెద్దగా లేదు. మా మనవడు హైదరాబాదు పోయాడు. నాకు ఫోను చేస్తాడు, వాళ్ళ నాన్నకి చెయ్యడు. కారు అమ్మేశాం. శ్రావణంలో మా మరిది పెద్దమనుషుల్ని పిలిచి, తన తలకొరివి మా తోడికోడలి అన్న కొడుకు పెడతాడని చెప్పాడు. ఆ అబ్బాయిది బొల్లాపల్లి వైపు. వచ్చి అన్నం తిని, మంచం కోడు పట్టుకుని కాసేపు నిలబడి పోయాడు. ఆయన బతికే ఉన్నాడు. గోడ అవతల దగ్గితే నాకు వినపడతది.

నేను ఇది ఎందుకు రాశానంటే, ఊళ్ళో ఆ రోజు గురించి చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. షాపులో మా మనవడు తాగొచ్చాడని ఒకడు, మా మరిది కర్రతో మా అబ్బాయిని కొట్టాడని ఇంకొకడు, నట్టు తిప్పించాలన్న ఆలోచనే నాదని మా వీధిలోనే ఒకావిడ. మిషను మా మనవడిదే తప్పని రాసిచ్చిందని కూడా అంటన్నారు. ఈ చెప్పేవాళ్ళలో ఒక్కరూ అక్కడ లేరు. మిషను ఎవరి మీదా ఏమీ చెప్పలేదు. దాన్ని చెప్పనివ్వలేదు.

అక్కడ ఉన్నది మా మరిది. ఆయన భార్య, నా తోడికోడలు. నా కొడుకు. నా మనవడు. షాపు యజమాని. బొలేరో డ్రైవరు, వాడిది ఏ ఊరో అడగలేదు. మా ఊరి ఆటో అతను, రోడ్డు మీద ఆటోలోనే కూర్చున్నాడు కాబట్టి వాడు విన్నది సగమే. ట్రాక్టరు మేస్త్రీ లేడు. పెద్దమనుషులు ఎవరూ రాలేదు. మా కోడలు ఇంట్లో ఉంది. ఇంకెవరూ లేరు. నేను ఉన్నా.